దానియేలు పదమూడో అధ్యాయం

నీలం నగర్, సోలాపూర్
7 జూన్ 1988

అన్నకు చెల్లె మంగళ రాసేది,

సిరిసిల్లలో నువ్వు, వదిన, అమ్మ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమమని రాయలేను.

మొన్న ఆదివారం మా తెలుగు సంఘంలో ప్రభు భోజనం. ఆడవాళ్ల వరసలో నేను నాలుగోదాన్ని. బిడ్డ యమున నా పక్కన కూర్చుంది. సంఘ పెద్ద లింగయ్య రొట్టె పళ్లెం పట్టుకుని వచ్చాడు. నా ఇవతలామెకు ఇచ్చాడు, నన్ను దాటి అవతలామెకు ఇచ్చాడు. పొరపాటనుకుని చేయి చాచాను. ఆయన వెనక్కి చూడలేదు. చాచిన చేతిని ఏం చేయాలో తెలియక కొంగులో దాచుకున్నాను.

ప్రార్థన అయ్యాక రెండో పెద్ద కిష్టయ్య లేచి ఒక కాగితం చదివాడు. లక్ష్మణ్ భార్య మంగళ, భర్త పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో, మగ్గాలు బాగుచేసే జాబర్ శ్రీనివాస్‌తో ఉండకూడని విధంగా ఉండగా మే పన్నెండున పెద్దలిద్దరూ కళ్లారా చూశారట. విచారణ అయ్యేదాకా నాకు రొట్టె లేదట. మగవాళ్ల వైపు యమున బాపు తల వంచుకుని కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక కూడా ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

అసలు జరిగింది నీకొక్కడికే రాస్తున్నాను. మే నెల మొదట్లో మందిరం ఊడ్చే వంతు నాది. లింగయ్య నీకు తెలుసు, నా పెళ్లి సంబంధం తెచ్చినవాడు, నాయన వయసువాడు. లోపలికి వచ్చి గడియ వేశాడు. చేయి పట్టుకున్నాడు. చీపురు తిరగేసి మొహం మీద కొట్టాను. గడియ తీస్తూ నింపాదిగానే అన్నాడు, "పోయి చెప్పుకో. నేను పెద్దను. నువ్వు బీడీలు చుట్టుకునేదానివి. ఎవలు నమ్ముతరు?" అదే నిజమని నేను కూడా నోరు మూసుకున్నాను. నేను చెప్తానేమోనన్న భయంతో ఆయనే ముందు చెప్పాడు.

షెడ్డుకు నేను రోజూ వెళ్తాను, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి. వాకిట్లోనే ఇచ్చి వచ్చేస్తాను. శ్రీనివాస్‌తో నేను ఎన్నడూ మాట్లాడలేదు.

నువ్వు మిషన్‌లో ఉపదేశివి. ఇక్కడి పెద్దలు నీ మాట వింటారు. ఒక్కసారి రా అన్నా.

నీ చెల్లె
మంగళ

*

సిరిసిల్ల
19 జూన్ 1988

చెల్లెలు మంగళకు ప్రభువు నామమున శుభములు.

నీ ఉత్తరం అందింది. దానికి నాలుగు రోజుల ముందే లింగయ్యగారి ఉత్తరం అందింది. ఆయన ఎంతో దుఃఖంతో, నీ మీద ఒక్క పరుష వాక్యం లేకుండా రాశారు. నువ్వు రాసినదాంట్లో మాత్రం ముప్పై ఏళ్లుగా సంఘాన్ని మోసిన మనిషి మీద రాయకూడని మాటలున్నాయి.

ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషి అనకూడదని ధర్మశాస్త్రం చెబుతుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ మాట స్థిరపడుతుంది. ఇక్కడ ఇద్దరున్నారు. నీకు ఎవరున్నారు?

ఒప్పుకో. ఒప్పుకున్నవారిని సంఘం తిరిగి చేర్చుకుంటుంది. ఆరు నెలలు వెనుక వరసలో కూర్చుంటావు, తరువాత అందరూ మరిచిపోతారు. ఒప్పుకోకుండా మొండికేస్తే నిన్నేగాక నన్ను కూడా జనం వేలెత్తి చూపుతారు. డిసెంబరులో నాకు గురువుగా అభిషేకం ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ ముందుంది. ఆ కమిటీలో సోలాపూర్ తరపున లింగయ్యగారు ఉన్నారని నీకు తెలియదేమో.

అమ్మకు ఏమీ చెప్పలేదు.

రామచంద్రం

*

నీలం నగర్
30 జూలై 1988

అన్నా,

చేయని తప్పు ఒప్పుకోమన్న ఉత్తరం చదివి నెల రోజులు కలం పట్టలేదు. ఈలోపు యమున బాపు యమునను తీసుకుని కుంభారిలో వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. పిల్ల బడి సంచి, రెండు గౌన్లు, దువ్వెన తీసుకుపోయాడు. నేను తునికాకు కత్తిరిస్తూ కూర్చున్నాను. యమున నాన్న చేయి పట్టుకుని గడప దాటుతూ, "అమ్మా, నువ్వు ఖరాబ్ దానివా?" అని అడిగింది. ఏడేళ్ల పిల్లకు ఆ మాట ఎవరో చెప్పి ఉండాలి.

తిండి సయించక ఒకరోజు పడిపోయాను. పక్కింటి చంద్రభాగ, నాతో బీడీలు చుట్టే ఆమె, "చల్, నా ఎంబడి రా" అని హోట్గి రోడ్డులో కతోలిక సిస్టర్లు నడిపే దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ వరంగల్ వైపు తెలుగు సిస్టర్ ఒకామె ఉంది. సాయంత్రం ప్రార్థనలో నన్నూ కూర్చోబెట్టారు. వాళ్లు యెహోవా అనరు, ప్రభువు అంటారు. పరలోక ప్రార్థన కీడు నుంచి తప్పించు అన్నచోట ఆపేస్తారు. నాకు తెలియక నేనొక్కదాన్నే రాజ్యము, బలము అంటూ పోతుంటే అందరూ నా వైపు చూశారు.

తరువాత సిస్టర్ సైక్లోస్టైల్ కాగితాల్లోంచి ఒక కథ చదివింది. సూసన్న అనే ఇల్లాలు. ఇద్దరు పెద్దలు ఆమె మీద కన్నువేస్తారు. ఆమె లొంగకపోతే, పరాయి మగవాడితో చెట్టుకింద చూశామని ఇద్దరూ సాక్ష్యం చెబుతారు. చంపడానికి తీసుకుపోతుంటే దానియేలు అడ్డం నిలబడి, ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టుకింద చూశారని ఒక్కొక్కరినే అడుగుతాడు. ఒకడు ఒక చెట్టంటాడు, రెండోవాడు ఇంకో చెట్టంటాడు. అబద్ధం అక్కడే తేలిపోతుంది.

అన్నా, నేను లేచి నిలబడ్డానట. నాకు తెలియదు, చంద్రభాగ చెప్పింది.

ఎక్కడుందని అడిగితే దానియేలు పదమూడో అధ్యాయం అన్నది సిస్టర్. ఇంటికి వచ్చి నాయన ఇచ్చిన బైబిలు తీశాను. పన్నెండు అధ్యాయాలే ఉన్నాయి, తరువాత హోషేయ. కాగితం చినిగిందేమోనని పేజీల నంబర్లు చూశాను. ఒక్కటీ తక్కువ లేదు. నా లాంటిదాని కథ మన పుస్తకంలోంచి ఎవరు తీసేశారు?

వేరే ఏమీ అడగను. వాళ్లిద్దరినీ విడివిడిగా అడుగు. షెడ్డులో ఏ గది, ఏ పూట. అంతే.

మంగళ

*

సిరిసిల్ల
16 ఆగస్టు 1988

మంగళకు,

మన పుస్తకంలోంచి ఎవరూ ఏదీ తీసేయలేదు. తెలియనిదానివి గనుక వివరంగా రాస్తున్నాను. యూదుల హెబ్రీ గ్రంథంలో దానియేలుకు పన్నెండు అధ్యాయాలే. తరువాత గ్రీకు ప్రతుల్లో సూసన్న కథ, మరి కొన్ని కథలు చేరాయి. కతోలికులు వాటిని, తోబీతు, యూదితు, మక్కబీయుల వంటి మరి ఏడు గ్రంథాలను లేఖనమంటారు. మన సంస్కర్తలు వాటిని చదువుకోదగినవే గానీ లేఖనంతో సమానం కావని పక్కనపెట్టారు. నువ్వు మెచ్చుకున్న ఆ చెట్ల ప్రశ్నే అందుకు ఒక గుర్తు. సాక్షి చెట్టు పేరు చెప్పగానే దానియేలు అదే పేరుతో వాడి శిక్షను పలుకుతాడు. ఆ మాటల పొందిక గ్రీకులోనే కుదురుతుంది, హెబ్రీలో పొసగదని పూర్వమే పండితులు తేల్చారు. అంటే అది ఎవరో తరువాత అల్లిన కథ.

కాబట్టి ఆ స్త్రీ మన గ్రంథంలో లేదు. లేనిదాని వెనుక నువ్వు దాక్కోలేవు. మన గ్రంథంలో ఉన్న స్త్రీలు నీకు చాలరా? పట్టుబడి, ప్రభువు కాళ్ల దగ్గర తలవంచుకుని నిలబడినామె ఉంది. ఆమెలో నిన్ను చూసుకో.

సిస్టర్ల దగ్గరికి మళ్లీ వెళ్లవద్దు. ఒక చెడ్డపేరు చాలు.

సెప్టెంబరులో కమిటీ పని మీద సోలాపూర్ వస్తున్నాను. విచారణ నేనే జరుపుతాను.

రామచంద్రం

*

నీలం నగర్
2 అక్టోబరు 1988

అన్నా,

నువ్వు సోలాపూర్‌లో మూడు రోజులున్నావు. లింగయ్య ఇంట్లో దిగావు. నేను రెండు రోజులు అన్నం వండి పెట్టుకుని ఎదురు చూశాను. మూడో రోజు మందిరం వసారాలో నిలబడే నాతో మాట్లాడావు. "ఏమన్న చెప్పేదుందా?" అన్నావు. అన్నీ రాశానన్నాను. చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్లిపోయావు.

సభలో పెద్దలిద్దరూ లేచి, పొద్దున పది గంటలకు, నూలు గదిలో చూశామని ఒకే మాట చెప్పారు. నువ్వు నా పేరు సంఘం రిజిస్టరులోంచి కొట్టేశావు. నీ చేతిరాత ఎంత అందంగా ఉంటుందో అందరూ అంటారు. ఆ గీత కూడా తిన్నగా గీశావు.

ఆ తీర్మానం కాగితం పట్టుకుని యమున బాపు కులపెద్దల దగ్గరికి పోయి సోడ్‌చిట్టి రాయించాడు. ఇక నేను ఆయన భార్యను కాదు. వచ్చే నెల ఇంకో పెళ్లట. శ్రీనివాస్ హిందువు కాబట్టి అతణ్ని ఎవరూ పిలిచి అడగనే లేదు. సిగ్గుతో భివండి వెళ్లిపోయాడని విన్నాను.

సిస్టర్‌కు అన్నీ చెప్పుకుని ఏడ్చాను. మీ పుస్తకంలో ఆ కథ ఉంది కదా, మీ దగ్గర ఇలా జరగదు కదా అన్నాను. ఆమె నా కళ్లు తుడిచి, "కథ ఉన్న చోట గూడ పెద్దలు పెద్దలే బిడ్డా" అన్నది. నాతో నిజం చెప్పినామె ఆమె ఒక్కతే.

ఒకటే అడుగుతున్నాను. వాళ్లను విడివిడిగా అడిగావా? అవునని గానీ లేదని గానీ ఒక్క మాట రాయి.

మంగళ

*

సిరిసిల్ల
21 అక్టోబరు 1988

మంగళకు,

విచారణ క్రమప్రకారం జరిగింది. తీర్పు అయిపోయింది. దాని గురించి ఇక రాయవద్దు.

డిసెంబరు పదకొండున అభిషేకమని కమిటీ నిర్ణయించింది. నువ్వు రావద్దు. బంధువుల్లో ఎవరైనా అడిగితే నీకు ఒంట్లో బాగాలేదని చెబుతాను.

అమ్మకు జ్వరం వచ్చిపోతోంది. నిన్ను అడుగుతోంది. నువ్వు అత్తవారితో పండరిపురం వైపు పనికి వెళ్లావని చెప్పాను. నువ్వు వేరేగా రాసి ఆమె ప్రాణానికి అపాయం తేవద్దు.

రామచంద్రం

*

నీలం నగర్
13 డిసెంబరు 1988

అన్నా,

నువ్వు మొన్నటి నుంచి అయ్యగారివి. సంతోషం.

నిన్న కిష్టయ్య భార్య నర్సమ్మ నా ఇంటికి వచ్చింది. ఆరు నెలల్లో సంఘం నుంచి నా గడప తొక్కింది ఆమె ఒక్కతే. కూర్చోమంటే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది.

సెప్టెంబరులో సభకు ముందురోజు నువ్వు ఆమె ఇంటికి వచ్చావట. పరదా అవతల ఆమె చాయ్ కాస్తోంది. ఏ గది, ఏ పూట అని కిష్టయ్యను అడిగావట. పడుగు చుట్టే గదిలో, సాయంత్రం దీపాలు పెట్టే వేళ అన్నాడట ఆయన. అప్పుడు నువ్వు చాయ్ గ్లాసు కింద పెట్టి ఏమన్నావో ఆమె అక్షరం తప్పకుండా చెప్పింది: "లింగయ్యగారు పొద్దున అన్నరు, నూలు గది అన్నరు. రేపు సభల మీరు గూడ అదే చెప్పుండ్రి. ఇద్దరి మాట ఒక్కటి కావాలె."

ఈ మాట మూడు నెలలు కడుపులో పెట్టుకున్నానని, మొన్న నీ అభిషేకానికి బస్సులో వెళ్లి, నువ్వు తెల్లటి అంగీలో చేతులెత్తి దీవిస్తుంటే తల వంచలేకపోయానని అన్నది.

నేను నిన్ను అడిగిందే చేశావు. విడదీసి అడిగావు. అది లేఖనం కాదని నాకు రాసి, దాంట్లోని ఉపాయాన్నే తీసుకుపోయావు. దానియేలు అబద్ధం ఎక్కడ విప్పవచ్చో వెతికాడు. నువ్వు ఎక్కడ కుట్టాలో వెతికావు.

ఇది అబద్ధమైతే అబద్ధమని రాయి. నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను.

మంగళ

*

సిరిసిల్ల
29 డిసెంబరు 1988

మంగళా,

ఇది నీకు మాత్రమే రాస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

నర్సమ్మ చెప్పింది నిజం. లింగయ్య ఇంట్లో దిగిన మొదటి రాత్రే ఆయన మాట నేను నమ్మలేదు. నిన్ను ఎత్తుకుని పెంచినవాణ్ని, నువ్వెలాంటిదానివో నాకు తెలుసు. తెలిసే చేశాను.

నువ్వు ఒకదానివి. సోలాపూర్ సంఘం నలభై కుటుంబాలు. సంఘ పెద్ద మందిరంలో ఆడదాని చేయి పట్టుకున్నాడని తేలితే ఆ నలభైలో నాలుగు కూడా మిగలవు. పద్మశాలి కులమంతా నాయన బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి మన పతనం కోసం చూస్తోంది. లింగయ్య చేయెత్తకపోతే నాకు అభిషేకం లేదు. పద్దెనిమిదేళ్లు వాన అనక ఎండ అనక సైకిల్ మీద పల్లెలు తిరిగాను, ప్రతి అయ్యగారి వెనుకా సంచి మోశాను. నీ కోసం అదంతా వదులుకోవాలా అని నన్ను నేనే అడిగాను. వదులుకోలేననిపించింది. నీకు బీడీలున్నాయి, చేతిలో పనుంది, బతుకుతావు.

ఇంకొక సంగతి. అమ్మ నవంబరు ఇరవై రెండున ప్రభువునందు నిద్రించింది. అభిషేకం ముందు నువ్వు వచ్చి నలుగురిలో ఏడిస్తే మాటలు పుడతాయని నీకు తెలియజేయలేదు. చివరి రెండు రోజులు నిన్నే పిలిచింది. వస్తోంది, బస్సెక్కింది అని చెబుతూ వచ్చాను. అలాగే పోయింది.

ఇక నువ్వు నాకు రాయకు. నేను రాయను.

రామచంద్రం

*

నీలం నగర్, సోలాపూర్
20 ఫిబ్రవరి 1989

రెవరెండు రామచంద్రం గారికి,

రాయవద్దన్నారు. ఇదే చివరిది.

మీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. చదివిన రోజు అమ్మ కోసం తప్ప దేనికీ ఏడవలేదు. మరునాడు దాన్ని జాకెట్లో పెట్టుకుని కుంభారి పోయాను. లక్ష్మణ్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. లోపల కొత్త భార్య రొట్టెలు కొడుతోంది. ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివి మడిచి నా చేతికిచ్చాడు.

"నాకు ఎరుకే" అన్నాడు.

ఏం ఎరుకని అడిగాను.

"ఆ దినం పొద్దున శ్రీనివాస్ నా మగ్గం కిందనే పండుకొని పని చేసిండు. మధ్యాహ్నం దాకా. బోల్టులు విప్పే పానా నేనే అందిచ్చిన."

మరి సభలో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎంత మెల్లగా అడిగానో నాకే వినిపించలేదు.

"ఎవలన్న అడిగితే చెప్తుంటి. ఎవ్వలు అడగలే" అన్నాడు. ఈమెకు రెండో నెల అని లోపలికి చూపించాడు. నాకు యమున తరువాత కాన్పు లేదు కదా.

అన్నేళ్లు అతని డబ్బా మోశాను. మీరంతా రెండు సాక్ష్యాల గురించి మాట్లాడుకున్నారు. మూడో సాక్షి నా పక్కనే పడుకుని లేచాడు.

యమునను ఇవ్వమన్నాను. పేచీ పెట్టలేదు. కొత్తామెకు పిల్ల బరువేనట, గౌన్లు సంచిలో సర్ది తనే తెచ్చిచ్చింది. యమున గోడ పక్కన నిలబడి అంతా విన్నది. బస్సులో నా చేయి పట్టుకోలేదు. నీలం నగర్ దిగాక అడిగింది, "బాపుకు తెలుసు గదా, మరి నాకెందుకు చెప్పలే?"  ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి నేను ఉన్నానో లేదో తడిమి చూస్తుంది.

ఉత్తరం నర్సమ్మ అడిగితే ఇచ్చాను. జనవరి చివరి ఆదివారం ఆమె ఆడవాళ్ల వరసలోంచి లేచి మొదటి నుంచి చివరిదాకా చదివింది. దొంగ రాత అన్నాడు లింగయ్య. కానీ మీరు పంపే సర్క్యులర్లు ఎన్ని ఏళ్లుగా చూస్తున్నారో, మీ చేతిరాత అక్కడ తెలియనివాళ్లు లేరు. కాగితం చేతులు మారింది.  కిష్టయ్య లేచి బయటికి పోయాడు. అందరూ ముగింపు పాట పాడి ఇళ్లకు వెళ్లారట. మరుసటి ఆదివారం రొట్టె పళ్లెం లింగయ్యే పట్టుకున్నాడు, అందరూ చేయి చాచారు. నర్సమ్మ ఒక్కతే చాచలేదు. ఆ సాయంత్రం కిష్టయ్య ఆమెను కొట్టాడు. మోచేయి విరిగింది. నలభై కుటుంబాలు చెదిరిపోతాయని భయపడ్డారు మీరు. ఒక్కటి కూడా చెదరలేదు. మీరు ఊరికే భయపడ్డారు.

నా పేరు మళ్లీ రాస్తామని ఎవరూ రాలేదు. వచ్చినా నేను పోను. సిస్టర్ల గుడిలో కూడా చేరలేదు. సాయంత్రాలు యమునను తీసుకుపోయి వెనుక కూర్చుంటాను, అంతే.

చనిపోయినవాళ్ల కోసం చేయగలిగింది ఏదీ మన పుస్తకంలో లేదని మీరే చిన్నప్పుడు నాకు నేర్పారు. వాళ్ల మక్కబీయుల గ్రంథంలో ఉందట. యుద్ధంలో పడిపోయినవాళ్ల కోసం బతికినవాళ్లు ప్రార్థన చేయించడం మంచిపని అని ఉందట. అది హెబ్రీయో గ్రీకో నాకు తెలియదు, ఇక అడగను. బస్సెక్కి వస్తున్నానని నమ్మి కన్ను మూసినామెకు నేను చేయగలిగింది అదొక్కటే కనబడింది. పోయిన శుక్రవారం పూజలో గంగమ్మ అని అమ్మ పేరు చదివించాను. యమున కూడా మోకరించింది.

పేర్లు రాసుకునేటప్పుడు ఫాదర్, బతికి ఉన్నవాళ్ల కోసం కూడా ప్రార్థన చేస్తాం, గంగమ్మకు నువ్వు కాక ఇంకెవరైనా పిల్లలున్నారా అని అడిగాడు.

నేనొక్కదాన్నే అని చెప్పాను.

మంగళ